చల్లగానే ఉందట

పెట్టె చల్లగానే ఉందట. ఎయిర్‌పోర్టు కార్గో గుమాస్తా ఆ మాట ముచ్చటగా మూడోసారి చెప్పి, "నేనే చేత్తో ముట్టుకుని చూశానండీ, మంచుగడ్డలా ఉంది" అంటూ కుడి అరచేతిని సాక్ష్యానికి ముందుకు చాచి, ఇన్‌స్పెక్టరు గారు రావడానికి ఇంకో గంట పడుతుందని చెప్పి టీకి వెళ్లిపోయాడు. ఆమె ఆ అరచేతిని మర్యాద కోసం చూసింది. చెయ్యి మంచిదే. మనిషీ మంచివాడిలాగే ఉన్నాడు, అబద్ధమాడే ముఖం కాదు, పైగా వచ్చిన దగ్గర్నుంచీ కుర్చీ వేయించి, ఫ్యాను ఇటు తిప్పించి, మంచినీళ్లు తెప్పించి తెగ తాపత్రయపడుతున్నాడు. కానీ ఆ చెయ్యి పెట్టెను ఎప్పుడు ముట్టుకుంది, పైన ముట్టుకుందా లోపల ముట్టుకుందా, అంతకుముందు పెట్టె ఎక్కడుంది, శీతల గదిలోనా, ఈ రేకుల షెడ్డులోనా? అడిగితే పాపం నొచ్చుకుంటాడేమో అనుకుంటూనే అడిగింది. "అప్పుడు నేను డ్యూటీలో లేనండీ" అన్నాడు. మరి లేనివాడి అరచేతిని ఏం చేసుకోవాలి.

ఎదురుగా శీతల గది తలుపు. దాని నెత్తిన ఎర్రటి అంకె నాలుగు, కాసేపటికి అయిదు, మళ్లీ నాలుగు. ఆ తలుపు వెనకే ఉంది పెట్టె, తెల్లటిది, ఆమె నడుమంత ఎత్తుది, రెండు సముద్రాలు దాటి వచ్చినది, లోపల నీళ్లలా కనిపించే మందు నింపిన చిన్న చిన్న సీసాలు. నెత్తురు క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఎక్కించే మందు. దేశానికి మందులు కొనే ఆఫీసులో ఆమె కొనుగోలు అధికారి, కాబట్టి తెప్పించింది ఆమే, ముట్టినట్టు సంతకం పెట్టాల్సింది ఆమే, ఆ పైన డ్రగ్ కంట్రోల్ ఇన్‌స్పెక్టరు సంతకం, రెండూ పడితే వ్యాను ఎక్కి సాయంత్రానికల్లా పిల్లల ఆసుపత్రికి వెళ్లిపోతుంది. అక్కడ నాలుగో వార్డులో కిటికీ పక్క మంచం మీద చెల్లెలి కూతురు ఉంది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు దాన్ని, తెల్లారకముందే లేచి ఊరంతా లేచేదాకా కిచకిచలాడుతుంది కనక. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఆఫీసులోనూ చెప్పలేదు. చెబితే ఈ ఫైలు ఆమె చేతిలోంచి తీసేసేవారు, తీసేయడమే న్యాయం కూడా, కానీ తీసి ఎవరి చేతిలో పెట్టేవారు, మధ్యాహ్నం భోజనమైతే మళ్లీ మర్నాటికిగానీ సీట్లో కనబడని ఆ పెద్దమనిషి చేతిలోనా. అందుకని నోరు కుట్టేసుకుంది.

ఫోర్క్‌లిఫ్టు కుయ్యి కుయ్యిమంటూ వెనక్కి వెళ్తోంది. తడి అట్టపెట్టెల వాసన. షెడ్డు ఆ మూల చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టలు దొంతరగా పేర్చి ఉన్నాయి, వాటి నిండా కోడిపిల్లలు, అవి కూడా విదేశాల నుంచే వచ్చాయట, ఒక్కటే గోల. వాటికి వెచ్చదనం కావాలి, ఈమె పెట్టెకు చలి కావాలి, ఇద్దరినీ తెచ్చి ఒకే షెడ్డులో పడేశారు. కోడిపిల్లల తాలూకు మనిషి వచ్చాడు, కాగితాలు చూపించాడు, ముద్ర వేయించుకున్నాడు, బుట్టలు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. వాటికి ఈ దేశంలో రిజిస్ట్రేషన్ ఉంది కాబోలు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే పక్కన ఎవరూ లేరు, అయినా నవ్వింది.

అసలు గొడవంతా రిజిస్ట్రేషన్ దగ్గరే మొదలైంది. ఈ మందు అమ్మే కంపెనీ ఒకటి ఇక్కడ నమోదై ఉండేది, ఒక్కటే. గడువు తీరాక మళ్లీ నమోదు చేసుకోలేదు. ఎందుకండీ అని ఆమె ఫోన్ చేస్తే అవతల ఒక చక్కని గొంతు, చాలా మర్యాదస్తుడు, మేడమ్, మీ దేశంలో ఏడాదికి ఎంతమంది పిల్లలకు కావాలి చెప్పండి అన్నాడు. చెప్పింది. అంతమంది కోసం ఆటో పట్టేన్ని కాగితాలు తయారుచేసి, ఫీజు కట్టి, ఫ్యాక్టరీకి మీ తనిఖీవాళ్లను పిలిచి అన్నం పెట్టి పంపాలంటే మాకు గిట్టుబాటు కాదండీ అని మర్యాదగానే చెప్పాడు. ఆమెకు కోపం రాలేదు, లెక్క లెక్కే. కానీ ఆ రోజు భోజనం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. ఆ తర్వాత వేరే దేశంలో వేరే కంపెనీ ఉందని తెలిసింది, మందు మంచిది, అక్కడ నమోదైనది, అక్కడి పిల్లలు వాడుతున్నది. కానీ ఇక్కడి పుస్తకాల్లో దానికి పేరు లేదు, కోడు లేదు, డబ్బా మీద రాసింది మనకు చదవడానికి రాని భాష. కాబట్టి ప్రత్యేక అనుమతి. అనుమతి కోసం కమిటీ. కమిటీలో ఒకాయనకు నడుం నొప్పి, ఒకాయన కూతురి కాన్పు. కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. తల ప్రాణం తోకకొచ్చాక అనుమతి వచ్చింది, ఒకే ఒక పెట్టెకు.

ఆ ఒక పెట్టె వచ్చింది. వచ్చి కస్టమ్స్ బల్ల మీద కూర్చుంది. కంప్యూటర్‌లో కోడు కొడితే ఏమీ రాలేదు కదా, అందుకని మూత తెరిచారు. తెరిస్తే సీసాల మధ్య చిన్న తెల్లటి పరికరం, అచ్చం పెన్‌డ్రైవ్ లాంటిది. దాన్ని లాగర్ అంటారు, ప్రయాణం పొడుగునా పెట్టె లోపల ఎంత చల్లగా ఉందో గుర్తుపెట్టుకుంటూ పోతుంది, పెళ్లికూతురికి తోడు వచ్చే ముత్తైదువలా. కస్టమ్స్ ఆయన కళ్లలో వత్తులు వేసుకుని పనిచేసే రకం. మందుల పెట్టెలో చెప్పాపెట్టకుండా ఒక ఎలక్ట్రానిక్ వస్తువు దొరికింది, సుంకం కట్టలేదు, వెంటనే దాన్ని తీసి, కవర్లో పెట్టి, కవరు మీద రాసి, తన సొరుగులో వేసి, తాళం వేసి, వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్లిపోయాడు. ఎంత ఒద్దికైన మనిషి. తిరిగొచ్చాక విషయం తెలిసి లాగర్ ఇచ్చేశాడు, క్షమించమని కూడా అన్నాడు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు లాగర్ ఏం చెబుతోందంటే, విమానంలో చల్లగా ఉంది, దిగాక కూడా చల్లగానే ఉంది, ఆ తర్వాత రెండు పగళ్లు, రెండు రాత్రులు మండువేసవి. అది సొరుగు సంగతా, పెట్టె సంగతా? సొరుగుదే అయ్యుండాలి. మూత వేసి పెట్టెను వెంటనే లోపల పెట్టేశామని అందరూ అంటున్నారు. ఎవరు పెట్టారంటే మాత్రం అందరూ ఇంకొకరిని చూపిస్తున్నారు.

అయ్యుండాలి అన్న మాట దగ్గర ఆమె ఆలోచన మాటిమాటికీ ఆగిపోతోంది. పాలు చెడితే విరిగి చెబుతాయి, కూర చెడితే వాసన చెబుతుంది. ఈ మందు చెడితే ఏమీ చెప్పదు. అదే రంగు, అదే నీళ్లలాంటి తేట. సూది పోటు ఒక్కటే. పిల్ల చేతిలోకి వెళ్తుంది, తల్లి అమ్మయ్య అనుకుంటుంది, డాక్టరమ్మ పట్టికలో టిక్కు పెట్టుకుంటుంది, లోపల మాత్రం ఏ పనీ జరగదు, జరగలేదని తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. చెయ్యి పొక్కి పుండైపోతే నయం, కనీసం తెలుస్తుంది. ఇది పలకని మందు. దీని తరఫున లాగర్ పలకాలి, ఆ లాగర్ వెళ్లి సొరుగులో నిద్రపోయింది.

నాయనమ్మకైతే ఇన్ని తిప్పలు లేవు. ఆవిడ దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది, వీధి మొత్తానికి అదే మందుల దుకాణం. ఎవరికి డాక్టరు ఏ మాత్ర రాసినా మిగిలినవి తెచ్చి ఆ డబ్బాలో పోసుకునేది. తెల్లవి జ్వరానికి, గులాబీవి కడుపునొప్పికి, పసుపువి బెంగకు. బెంగకు ఏం మందు నాయనమ్మా అంటే, ఏదైనా ఒకటే, వేసుకుంటే తగ్గుతుందని చెప్పి ఇవ్వాలి, అంతే అనేది. ఎవరూ చావలేదు. లేక చచ్చినవాళ్లు వచ్చి ఫిర్యాదు చేయలేదేమో. పెద్దయ్యాక ఫార్మసీ చదువుకుని ఇంటికొచ్చి ఆ డబ్బా తెరిచి చూస్తే ఆమెకు కళ్లు తిరిగాయి, అప్పటికి ఆ పసుపు మాత్రలు తన వయసువి. పారబోస్తుంటే నాయనమ్మ మూడ్రోజులు మాట్లాడలేదు. చెల్లెలు మాత్రం అక్కకు తెలియకుండా రెండు పసుపు బిళ్లలు దాచి నాయనమ్మ చేతిలో పెట్టింది. చెల్లెలు చిన్నప్పట్నుంచీ అంతే, మనిషి ముఖం చూసి మెత్తబడుతుంది. అక్క డబ్బా మీద తేదీ చూస్తుంది. ఈవిడ ఉప్పుకు కూడా గడువు తేదీ అడుగుతుందండీ అని మొగుడు వచ్చినవాళ్లందరి దగ్గరా మేలమాడుతుంటాడు. ఆడనీ. మేలమాడితే ఒంటికి చిల్లు పడదు.

తేదీలు చూసే బుద్ధి ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. మొదట్లో పరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు, రంగు వెలిసిన చొక్కా, ఆ చొక్కా జేబులో దగ్గుమందు సీసా, మూడొంతులు ఖాళీ. కౌంటరు దగ్గర నిలబడి మా బాబు ఇది తాగాకే పోయాడు, ఇందులో ఏముందో చెప్పండమ్మా అన్నాడు. మామూలుగా అడిగాడు, రైలు ఎన్నింటికని అడిగినట్టు. అలా నేరుగా తీసుకోకూడదు, దరఖాస్తు ఉండాలి, ముద్రలుండాలి. ఆమె తీసుకుంది. పరీక్షిస్తే అందులో ఉండకూడని విషం ఉంది. ఎక్కడో ఎవరో చవగ్గా వస్తుందని ఒక పీపా ద్రావకం తెప్పించి, ఏముందో చూడకుండా కలిపేశారు. చూడడానికి పెద్ద సమయం కూడా పట్టదు. ఆయన ఫలితం కోసం మళ్లీ వచ్చినప్పుడు ఏడవలేదు, అరవలేదు. అయితే నేను పోసిందే కదమ్మా అన్నాడు. కాదండీ, మీరు కాదండీ అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, అవునవును అని తలూపుతూ, నేనే పోశాను, చెంచాతో, తాగనంటే బుజ్జగించి పోశాను అన్నాడు. అప్పట్నుంచీ ఆమెకు నియమాల మీద కోపం రావడం తగ్గింది. వచ్చినా సగంలో ఆగిపోతుంది, ఆ చెంచా కనిపిస్తుంది.

ఆ ల్యాబులోనే కొత్తగా చేరాడు ఇప్పుడు రాబోతున్న ఇన్‌స్పెక్టరు. మాట నిదానం, నడక నిదానం, సంతకం అంతకన్నా నిదానం, అందుకని అందరూ నిదానం గారు అని పిలిచేవారు, చివరికి ఆయనకే ఆ పేరు అలవాటైపోయింది. పని నేర్పింది ఆమే. త్రాసు ముందు ఊపిరి బిగబట్టి ఎలా నిలబడాలో, అంకె నచ్చనప్పుడు దాన్ని ఎలా ఒప్పుకోవాలో నేర్పింది. ఆమె కొనుగోళ్ల ఆఫీసుకు మారిపోయాక కూడా, పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తాడు, మేడమ్ మాటంటే వేదం. ఆమె పెట్టమంటే పెడతాడు సంతకం. ఆ సంగతి ఆమెకు తెలుసు. గంట నుంచీ తెలుసు, పొద్దున బయల్దేరినప్పట్నుంచీ తెలుసు, ఆ తెలిసినదాన్ని మనసులో మూలకు నెట్టి, దాని మీద కోడిపిల్లల్నీ నాయనమ్మనూ పేర్చుకుంటూ కూర్చుంది. ఒక్క మాట. బాబూ, పెట్టె చల్లగానే ఉంది, నేను చూసుకుంటాను. అంతే. అందులో అబద్ధం కూడా లేదేమో. నూటికి తొంభై పాళ్లు మందు బాగానే ఉండుంటుంది. ఆ తొంభై పాళ్లను పట్టుకుని పిచ్చుక సాయంత్రం సూది పొడిపించుకుని, పెద్దమ్మా నేను ఏడవలేదు తెలుసా అని ఫోన్ చేస్తుంది. మిగిలిన పదిపాళ్లు ఎవరి మంచం మీద పడతాయి, వార్డులో ఎంతమంది తల్లులు.

చేతిలో ఫోన్ వణికింది. చెల్లెలు. వచ్చిందా అక్కా అని ఒక్క ముక్క రాసింది. జవాబు రాయబోయి, వచ్చింది అని రాస్తే అమ్మయ్య అనుకుంటుంది, రాలేదు అని రాస్తే అబద్ధం, ఏమీ రాయకుండా ఫోన్ బోర్లా పెట్టింది. నిన్న డాక్టరమ్మను విడిగా అడిగింది, ఎన్నాళ్లు ఆగొచ్చండీ అని. వారం, కాస్త అటూ ఇటూగా, అంతకు మించితే నేను మాట ఇవ్వలేను అంది డాక్టరమ్మ. ల్యాబులో పరీక్షకూ దగ్గర దగ్గర వారమే. అదే కంపెనీకి ఈ దేశంలో రిజిస్ట్రేషన్ ఉండుంటే, ఈ మందు ఎంత వేడికి ఎంతసేపు తట్టుకుంటుందో ఆ కాగితాలన్నీ ఇక్కడి బీరువాలోనే ఉండేవి, తీసి చూసుకుని అరగంటలో తేల్చేసేవారు. లేదు కాబట్టి కంపెనీని అడిగింది. తెరిచిన పెట్టెకు మాది పూచీ కాదని రాశారు. మందు నమోదైన ఆ దేశపు డ్రగ్ ఆఫీసును అడిగింది. ఆ వివరాలు కంపెనీ అనుమతి లేకుండా ఇవ్వకూడదని ఎంతో మర్యాదగా రాశారు. లోకమంతా మర్యాదస్తులే.

కోడిపిల్లల చివరి బుట్ట కూడా వెళ్లిపోయింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, శీతల గది మోటారు రొద తప్ప. గుమాస్తా టీ తాగి వచ్చాడు, ఆయన వెనకే నిదానం గారు, చేతిలో సంచీ, నెత్తిన పల్చబడిన జుట్టు, అదే నడక. ఎప్పట్లాగే ముందు నమస్కారం పెట్టాడు, తర్వాత కూర్చోమంటే కూర్చున్నాడు, తర్వాత కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అంతా చదివాను మేడమ్. కస్టమ్స్ ఆయనతో కూడా మాట్లాడాను. పాపం, రాత్రి నిద్రపోలేదట."

"నీకేమనిపిస్తోంది?"

"బాగానే ఉండుంటుంది మేడమ్." కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "వార్డులో పిల్లలు ఎదురుచూస్తున్నారని విన్నాను. లాగర్ సొరుగులో ఉందని కస్టమ్స్ వాళ్లు రాసిచ్చారు కదా, దాన్ని ఆధారం చేసుకుని పాస్ చేసేయొచ్చు. కాకపోతే పెట్టె బయట ఉండలేదని ఎవరో ఒకరు రాయాలి. మీరు రాస్తే చాలు. ఇంకెవరినీ అడగను."

ఆయన గొంతులో ఆమెను ఇరుకున పెట్టాలన్న ఉద్దేశం లేదు. నిజంగానే చాలు ఆయనకు. కలం కూడా తీసి, మూత విప్పి, ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. ఆమె ఆ కలాన్ని చూసింది. చిత్రంగా ఆ క్షణంలో ల్యాబులో త్రాసు ముందు నిలబడినప్పటి లాంటి నెమ్మది, ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి ఒక చోట నిలబడేదాకా ఊరికే చూడడం. పెట్టె బయట ఉందో లేదో నాకు తెలుసా? తెలియదు. తెలుసని ఉంటే బాగుండునని ఉందా? ఎంతో ఉంది. ఈ రెండూ వేరు వేరు సంగతులు. పిచ్చుక కోసం ఈ రెండింటినీ కలిపేయగలదు, ఎంత తేలిగ్గా కలిసిపోతాయో కూడా కనిపిస్తూనే ఉంది, ఒక వాక్యం చాలు.

"నేను చూడలేదుగా బాబూ" అంది. "చూడనిది ఎలా రాయను. కొన్ని సీసాలు తీసి పరీక్షకు పంపు. మిగతావి లోపలే ఉంచి సీలు వేయి. తొందరగా చేయమని ల్యాబువాళ్లకు నేనూ చెబుతాను."

నిదానం గారు తల ఊపాడు. కలానికి మూత పెట్టి, దళసరి కోటు తొడుక్కుని గుమాస్తాతో శీతల గదిలోకి వెళ్లాడు, కాసేపటికి చిన్న చలి పెట్టెతో బయటికి వచ్చి, బల్ల మీద లక్క కరిగించడం మొదలుపెట్టాడు. ఆమె లేచి వెళ్లి గోడవైపు తిరిగి ఫోన్ చేయాలనుకుంది, చివరికి కూర్చున్నచోటే చేసింది. మొదటి రింగు పూర్తికాకుండానే చెల్లెలు ఎత్తింది.

"వచ్చిందా అక్కా?"

"వచ్చిందే."

"అమ్మయ్య."

"ఆగు, విను. ఇవాళ ఇవ్వరు. దారిలో వేడి తగిలిందేమోనని అనుమానం ఉంది. పరీక్షకు పంపుతున్నాం. వారం దాకా పడుతుంది."

అవతల వార్డు చప్పుళ్లు. చక్రాల బల్ల, ఎవరిదో దగ్గు, ఆ వెనక సన్నగా, ఎవరమ్మా, పెద్దమ్మేనా, నాకివ్వు నాకివ్వు అన్న గొంతు. చెల్లెలు బయటి వరండాలోకి నడిచినట్టుంది, ఆ గొంతు దూరమైంది.

"పరీక్షలో పోయిందంటే?"

"ఇంకోటి తెప్పించాలి."

"ఎన్నాళ్లకి?"

"చెప్పలేనే."

"ఎవరక్కా ఆపింది?" చెల్లెలి గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది, బతిమాలుతున్నట్టు. "ఆ డ్రగ్ ఆఫీసు వాళ్లేనా? వాళ్ల రూల్సేనా? నంబరివ్వు, నేను మాట్లాడతాను. నాకు సిగ్గేం లేదు, కాళ్లు పట్టుకుంటాను. ఎవరో ఒకరు కరగరా?"

రూల్సే అని ఒక్క మాట అనేస్తే సరిపోతుంది. రూల్సుకు ఎన్ని శాపనార్థాలు తగిలినా ఏమీ కాదు, రేపు పొద్దున్న ఆఫీసుకు వస్తాయి, యథాప్రకారం పనిచేసుకుంటాయి. చెల్లెలికి తిట్టుకోవడానికి ఒక గోడ దొరుకుతుంది. అక్క అక్కలాగే మిగిలిపోతుంది, పిచ్చుకకు పెద్దమ్మ పెద్దమ్మలాగే ఉంటుంది. వారం తర్వాత ఏ వార్త వచ్చినా ఆ గోడ మీదే పడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా లక్క చుక్కలు చుక్కలుగా మూత మీద పడుతోంది.

"వాళ్లు ఇస్తామనే అన్నారే" అంది. "నా మాట చాలన్నారు. నేనే వద్దన్నాను. మన పిల్లకు కూడా వద్దన్నాను."

నిదానం గారు ముద్ర వేయబోతున్న చేతిని అలాగే గాలిలో ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. చెల్లెలి ఊపిరి వినిపిస్తోంది, వరండాలో ఎవరివో అడుగులు వినిపిస్తున్నాయి. చెల్లెలు మాట్లాడలేదు, ఫోనూ పెట్టేయలేదు.